రేనాటి పలుకు - పెద్దరికపు వేషము

పెన్నానది గండికోట కొండలను చీల్చుకొని జమ్మలమడుగు మీదుగా ప్రొద్దుటూరు వైపునకు సాగును. దానికి దక్షిణమున, చిత్రావతికిని పాపఘ్నికిని నడుమ పులివెందుల సీమ కలదు. ఈ మూడు పట్టణముల చుట్టునున్న నేలకు ఒకప్పుడు రేనాడు అని పేరు. 'రేనాడు ఏడువేలు' అని శాసనములలో కనబడును. ఈ నేల మాటను గురించి లోకములో రెండు అభిప్రాయములు ప్రచారములో ఉన్నవి. తెలుగు వాక్యము మొట్టమొదట రాతికెక్కినది ఇచ్చటనే యనునది ఒకటి. ఇచ్చటి పలుకు మొరటనియు, నాగరకులు నలుగురిలో పలుకదగినది కాదనియు చెప్పునది రెండవది. చలనచిత్రములో కత్తి పట్టిన దౌర్జన్యపరుడు కావలసివచ్చినపుడెల్ల వాని నోట ఈ యాసనే పెట్టుచున్నారు. తొలి తెలుగునకు పుట్టినిల్లు అని సభలలో పొగడిన నోటితోనే, సభ ముగిసిన పిదప, 'కడప మాట' అని నవ్వుట మేము పలుమారులు విన్నాము. ఈ రెండభిప్రాయములను ప్రక్కప్రక్కన నుంచి చూచినచో, మాటకును మర్యాదకును మనము కట్టిన అంతస్తులు ఎట్లు కట్టబడినవో కొంత తెలియును.

ఎఱ్ఱగుంట్ల సమీపమున కలమళ్ళ అను గ్రామము కలదు. నేడు రాయలసీమ తాపవిద్యుత్ కేంద్రపు పొగగొట్టములు ఆ ప్రాంతమునకు దూరపు గుర్తులు. అచ్చటి చెన్నకేశవాలయ ప్రాంగణములో దొరికిన రాతిశాసనము సుమారు క్రీ. శ. 575 నాటిదని పండితుల నిర్ణయము. నన్నయ్యగారు భారతము నారంభించుటకు సుమారు 500 సంవత్సరములకు ముందటి మాట ఇది. 2008లో తెలుగునకు ప్రాచీన భాషా ప్రతిపత్తి లభించినపుడు ఈ రాయి పేరు దేశమంతట వినబడెను. రేనాటి చోళరాజైన ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు ఈ నాడు నేలుచుండగా జరిగిన విషయమును ఆ శాసనము చెప్పును. చిఱుంబూరు అను ఊరి పేరు అందున్నది. అది నేటి చిలమకూరే యని గుర్తించిరి.

ఇందులో మా దృష్టి నాకర్షించినవి రెండు చిన్న విషయములు. రాజు పేరు చివర నున్నది ఏకవచన ప్రత్యయము. ధనంజయుడు, అంతే. మహారాజులవారు కాదు, ఏలినవారు కాదు, గారు అసలే లేదు. ఇక రెండవది, 'ఏళన్' అను క్రియ. 'ఏలుచుండగా' అని దాని యర్థము. పొలము దున్నుట, గొడ్లు కాచుట వలెనే నాడు నేలుట కూడ ఆ వాక్యములో ఒక పని. ఈ 'డు' అను ప్రత్యయమును, ఈ 'ఏలు' అను ధాతువును పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెనని కోరుచున్నాము. తరువాతి కాలమున ఈ రెండును చాల దూరము ప్రయాణము చేసినవి.

అయితే తొలినాళ్ళలో అందరును సమానముగా పిలువబడిరని దీనిని బట్టి చెప్పరాదు. కలమళ్ళకు దూరము కాని ఎఱ్ఱగుడిపాడులో, అదే వంశమునకు చెందిన, దాదాపు అదే కాలపు మరియొక శాసనము కలదు. అందు ముత్తురాజు పేరునకు బహువచన రూపము కనబడును. సాక్షులుగా నిలిచిన ఇతర ప్రభువుల పేర్లును 'రాజులు' అనియే ఉన్నవి. ఒక రాతిమీద రాజు ఒక్కడు. ఇంకొక రాతిమీద అదే బిరుదు ధరించినవాడు పలువురు! గౌరవ బహువచనము అప్పుడప్పుడే తయారగుచున్న వస్త్రము కాబోలు. ఒకచో తొడిగిరి, ఒకచో తొడుగలేదు. దానివలన ధనంజయుని అధికారము పెరిగినదియు లేదు, తరిగినదియు లేదు.

రాతినుండి రాగికి వచ్చినచో కథ మారును. ధనంజయుని మనుమడైన పుణ్యకుమారుడు వ్రాయించిన మాలేపాడు తామ్రశాసనము ప్రధానముగా సంస్కృత భాషలో నున్నది. అందు ఈ వంశము సూర్యవంశమైనది. కావేరికి కరకట్టలు వేసిన కరికాలచోళుని సంతతి అయినది. పుణ్యకుమారుని తండ్రి చోళ, పాండ్య, కేరళములకు అధిపతి అని కీర్తింపబడినాడు. కావేరికిని పెన్నకును నడుమనున్న దూరము ఆ రాగిరేకుమీద కనబడదు. వారి పేర్లను కూడ గమనింపవలెను. సింహవిష్ణువు, మహేంద్రవిక్రముడు - ఇవి కంచిలో నేలిన పల్లవరాజుల పేర్లు. పెద్దరాజుల పేర్లను చిన్నరాజులు తమ బిడ్డలకు పెట్టుకొనిరి. నేడు పట్టణములోని అధికారి బిడ్డ పేరును చూచి పల్లెలో పేరు పెట్టుకొనుటకును, దీనికిని వేఱు లేదు. ఊరివారు చదువవలసిన రాతిమీద ఊరి తెలుగు. బ్రాహ్మణులకిచ్చు దానపత్రముమీద దేవభాష, సూర్యవంశము. ఇంటివారొక్కరే, వాకిట ఒక మాట, సభలో ఒక మాట. వంశము పెద్దదైన పిదప భాష మారలేదు. భాష మారిన పిదప వంశము పెద్దదైనది.

తరువాతి వెయ్యి సంవత్సరములలో సంబోధనలు ఎట్లు పెరిగినవో వివరింపబోయినచో ఈ పత్రిక పుటలు చాలవు. విజయనగర కాలపు శాసనములలో 'మహారాయలు' అనియు, మంత్రుల పేర్ల చివర 'అయ్యంగారు' అనియు నిండైన రూపములు కనబడును. నీవు, మీరు, తమరు. వాడు, అతడు, ఆయన, వారు - ఇట్లు మెట్లు మెట్లుగా సర్వనామములు ఏర్పడినవి. ఒక వింత యేమనగా, మన పురాతన కావ్యములలో చక్రవర్తిని సైతము 'నీవు' అనియే పలుకరింతురు. దేవుని నేటికిని 'నువ్వు' అనియే పిలుచుచున్నాము. తాలూకా కచేరీలోని గుమాస్తాను మాత్రము అట్లు పిలువజాలము.

ఇక ఆ 'డు' అను ప్రత్యయమునకు పట్టిన గతి చూడుడు. ఈ ప్రాంతమున అహోబిలస్వామి పేర ఓబులేసు అను నామము మిక్కిలి వాడుకలో నున్నది. ఒకే స్వామి పేరు పెట్టుకొన్న నలుగురు ఒకే యూరిలో నుందురు. గొడ్లు కాచువాడు ఓబిగాడు. రెండెకరముల రైతు ఓబన్న. కొంత నిలకడగలవాడు ఓబయ్య. నాలుగు కాడ్ల సేద్యమున్న మోతుబరి ఓబుళరెడ్డి గారు. నీళ్ళు పోసి పేరు పెట్టిననాడు నలుగురికిని పెట్టిన పేరొక్కటే. పేరు చివరి తునక మాత్రము తరువాత ఊరివారు అంటించినది. 'గాడు', 'గారు' - ఈ రెంటికి నడుమ ఒక్క యక్షరమే తేడా. ఆ యక్షరమును దాటుటకు మనుష్యునికి కొన్ని తరములు పట్టుచున్నది. అఱువదేండ్ల ముసలివానిని పదేండ్ల పిల్లవాడు 'ఒరే' అని పిలుచుటయు, ఆ ముసలివాడు తలగుడ్డ చేతికి తీసికొని 'ఏం సామీ' అని పలుకుటయు ఈ సీమ పల్లెలలో బహుకాలము సాగిన సంగతి. వారిలో నెవ్వరికిని కలమళ్ళ రాతిని గూర్చి తెలియదు. నాడు రాజు ధరించిన ప్రత్యయమే తరువాత పశులకాపరి మెడకు కట్టిరి.

'ఏలు' అను ధాతువు దీనికి విపరీతముగా నడచినది. నాడు అది రాజుగారి పని. కుంఫిణీ దొరతనము వచ్చిన పిదప అర్జీదారుని భిక్షాపాత్ర. 'ఏలినవారి సముఖమునకు' అని అర్జీ యారంభింపవలెను. ఆ ఏలినవారు జిల్లా కలెక్టరు కావచ్చును, కచేరీలోని చిన్న అధికారి కావచ్చును. నాడు నేలిన ధనంజయునకు లేని బహువచనము, నెలజీతము తీయు ఉద్యోగికి లభించినది.

ఈ మార్పు జరిగిన కాలము సామాన్యమైనది కాదు. విజయనగరము కూలిన పిదప ఈ సీమలో పాలెగాండ్రు తలలెత్తిరి. 1800లో నిజాము ఈ మండలములను కుంఫిణీవారికి దత్తము చేసినపుడు దత్తమండలములలో సుమారు 80 మంది పాలెగాండ్రున్నారు. 1807 వరకు ప్రధాన కలెక్టరుగా నున్న థామస్ మన్రో వారి బలమునణచెను. రైతుతో నేరుగా శిస్తు నిర్ణయించు పద్ధతిని స్థిరపరచెను. పాలెగాండ్ర వంశములలో పలువురికి కుంఫిణీవారు భరణములు మాత్రము మిగిల్చిరి. కోటలు పోయెను, బంట్రోతులు పోయిరి, పన్ను వసూలు పోయెను. సంబోధన మాత్రము పోలేదు. అధికారము ఉడిగిన చోట మర్యాద మఱింత బిగువుగా పట్టుకొనబడును. పట్టుకొనుటకు అంతకుమించి చేతిలో ఏమియు లేదు గనుక.

ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటు 1846లో జరిగెను. అప్పుడు కోవెలకుంట్ల తాలూకా కడప జిల్లాలోనిదే. ఇనాములు, భరణములు హరించుటయే తిరుగుబాటునకు మూలమని చరిత్రకారులు చెప్పుదురు, అది సత్యము. కాని జనులు చెప్పుకొను కథలో అగ్గి రాజినది మఱియొక చోట. భరణము తెచ్చుటకు రెడ్డి తన మనిషిని ఖజానాకు పంపగా, తహసీలుదారు వానిని బిచ్చగాని క్రింద బిచ్చగానిగా చులకన చేసి, రెడ్డినే స్వయముగా వచ్చి తీసికొనుమనెనట. భరణము నెలకు పదునొకండు రూపాయల చిల్లర. ఆ సొమ్ము తగ్గినందుకు కాదు, ఆ మాట పడినందుకు కత్తి దూసినాడని పల్లెజనము నమ్మిరి. 1847 ఫిబ్రవరిలో ఆయనను కోవెలకుంట్లలో నురిదీసిరి. చరిత్రకారుల కారణము సరియైనదే కావచ్చును. జనులు ఎన్నుకొన్న కారణము వారి జీవితమును గూర్చి చెప్పుచున్నది. ఒక్క మాటలో మనిషి ఎంత క్రుంగునో వారికి అనుభవము.

ఆ కాలమున పెద్దరికపు భాష సంస్కృతము కాదు. నవాబుల కచేరీలనుండి వచ్చిన పారశీక, హిందూస్తానీ పదములు: జమాబందీ, దస్తావేజు, పట్టా, సిరస్తా, హుజూరు, అమీనా. 1820లో ఉద్యోగిగా కడపకు వచ్చిన ఛార్లెస్ ఫిలిప్ బ్రౌను ఈ సంగతిని బాగుగా గ్రహించెను. కచేరీలలోని ఈ మిశ్రభాషకు 1854లో ప్రత్యేకముగ నొక నిఘంటువునే ప్రకటించెను. అంతకు ముందు, 1829లో, పండితులు చిన్నచూపు చూచిన వేమన పద్యములను అచ్చువేయించెను. ఆయన నివసించిన కడప బంగళా చోటున నేడు భాషాపరిశోధన కేంద్రము కలదు. ఆ పారశీక పదములలో పెక్కు నేడు పల్లెటూరి మాటలైపోయినవి. పట్టా, దస్తావేజు అనువాడు పల్లెటూరివాడు. వాని కొడుకు వానినే ఆంగ్లపదములతో చెప్పును, వాడు చదువుకొన్నవాడు. ఇప్పటి ఆంగ్లమునకు కూడ ఈ గతి పట్టదని ఎవరు చెప్పగలరు?

ఇక నాగరక భాష అని మనము చెప్పుకొనుచున్న దాని పుట్టుక ఎట్టిదో చూతము. 1858లో చిన్నయసూరి బాలవ్యాకరణము వెలువడిన పిదప పాఠశాలలలో గ్రాంథికమునకు పట్టాభిషేకము జరిగెను. ఇరువదవ శతాబ్ది ఆరంభమున గిడుగు రామమూర్తి పంతులుగారు దానినెదిరించి పోరాడిరి. శిష్టుల వాడుకమాటలో వ్రాయవలెనని ఆయన వాదము. ఆ పోరాటము గెలిచినది, గెలువవలసినదే. (ఈ వ్యాసము మాత్రము ఆ పాత పట్టుబట్టలతోనే మీ యెదుటికి వచ్చినది, ఈ పుటలకు అది అలవాటు.) అయితే ఎవరి వాడుక? ముద్రాలయములు, వార్తాపత్రికలు, కళాశాలలు అధికముగా ఉన్న కృష్ణా, గుంటూరు, గోదావరి మండలముల చదువరుల వాడుకయే క్రమముగా అందరి వాడుకగా నిలిచెను. ఒక వేషము తీసి మరియొకటి తొడిగినట్లైనది. రెండవది మొదటిదానికన్న తేలికయే; అయినను వేషమే.

ఒక్క క్రియాపదమును తీసికొందము. తీరాంధ్రులు 'వచ్చాడు' అందురు. ప్రొద్దుటూరివాడు 'వచ్చినాడు' అనును. ఇందులో ఏది పాతది? వ్యాకరణములలో నున్న రూపము 'వచ్చినాడు'. దానిని నలిపి కుదించగా నేర్పడినది 'వచ్చాడు'. బడిలో పిల్లలకు వ్యాకరణము చెప్పునపుడు మొదటిది ఉత్తమమైన గ్రాంథిక రూపము. బడి వదిలిన పిదప అదే రూపమును ఆ పిల్లవాడే వీధిలో పలికినచో మొరటు యాస. అంగడి అను మాట ప్రాచీన కావ్యములలోనిది. ప్రొద్దుటూరులో నేటికిని బంగారు అంగడి, బట్టల అంగడి. అది పల్లెటూరి మాటయట! ఉచ్చారణలో నున్న గుణమును బట్టి గాక పలికినవాని కొలువును బట్టి మాటకు విలువ కట్టుచున్నామనుటకు వేఱు నిదర్శనమేల? భద్రిరాజు కృష్ణమూర్తిగారు నడపిన మాండలిక పదసేకరణలో 1962లో వెలువడిన మొదటి సంపుటము వ్యవసాయపు మాటలకే చాలలేదు. ఒక్కొక్క పనిముట్టునకు జిల్లాకొక పేరు. నాగలి భాగములకు పేర్లు పెట్టినవారు నిఘంటువులు వ్రాయలేదు, అంతియే.

మా వృత్తిలో మేము తరచు గమనించు విషయమొకటి ఇచ్చట చెప్పవలెను. ధ్వనిముద్రణ యంత్రముతో పల్లెలకు పోయినపుడు రైతు మాతో చెట్టుక్రింద కూర్చుండి, 'చీనీచెట్లు ఎండిపోతాండాయి సామీ, బోరులో నీళ్ళు యాడుండాయి' అని గుండెలోని మాట చెప్పును. యంత్రము తిరుగుట ఆరంభమగును. వెంటనే ఆయన నిటారుగా కూర్చుండును, భుజముమీది తువ్వాలు సర్దుకొనును, గొంతు మారును. చీనీ బత్తాయి యగును. 'నీటి యెద్దడి వలన బత్తాయి తోటలకు నష్టము వాటిల్లుచున్నది' అని వార్తలలో విన్నట్లు చెప్పును. తప్పు ఒక్కటి యుండదు. దుఃఖము కూడ ఉండదు. తువ్వాలు సర్దుకొన్న ఆ క్షణమున ఆయన ఆస్తి పెరుగలేదు, చదువు పెరుగలేదు. ఎదురుగ నున్న ఇనుప గొట్టము వెనుక ఎవరో పెద్దలున్నారని భావించి తన్ను తాను మార్చుకొనుచున్నాడు. మదరాసు కేంద్రము 1938లోను, విజయవాడ కేంద్రము 1948లోను ప్రారంభమైన నాటినుండి రేడియో వినిపించిన తెలుగు ఏది? ఆ తెలుగునే ఆయన మాకు తిరిగి వినిపించుచున్నాడు. 'మీ యింట్లో మాటాడినట్లే మాటాడండి' అని మేమనినచో నమ్మలేక నవ్వును. కొందరు ఆడవారు మాత్రము నమ్ముదురు. వారి మాటలు ప్రసారమైననాడు ఉత్తరములు ఎక్కువగా వచ్చును.

వేషము మార్చినచో మనిషి అంతస్తు మారునను సంగతిని శాస్త్రముగా గాక వృత్తిగా ఎఱిగినవారు ఈ సీమలోనే యున్నారు. నేటి పులివెందుల శాసనసభా నియోజకవర్గములోని చక్రాయపేట మండలమున సురభి రెడ్డివారిపల్లె కలదు. 1885లో అచ్చట వనారసవారు 'కీచకవధ' నాటకమును ప్రదర్శించిరి. సురభి నాటక సమాజములన్నిటికిని అదియే మొదలు. వారి పెద్దలు తోలుబొమ్మలాడించువారు. ఇంటిలో వారు మాటాడునది మరాఠీకి సంబంధించిన మాట. తోలుబొమ్మల వెనుకనుండి పలికిన గొంతులే తెర ముందుకు వచ్చి, మొగమునకు రంగు పూసికొని, రాజులైనవి.

ఇందలి విశేషమును ఆలోచించి చూడుడు. ఊరూర తిరిగి గుడారము వేయు కుటుంబము. పగలు తెరలకు రంగులద్దుకొనుటయు, పిల్లలకు వండిపెట్టుకొనుటయు వారి పని. అట్టి యింటి మనిషి రాత్రి దీపములు వెలుగగానే విరాటరాజు. వాని తెలుగులో తప్పుపట్టగల పండితుడు సభలో లేడు. వాని నడక, ఉత్తరీయమును పట్టుకొను తీరు, కూర్చుండు ఠీవి - నిజమైన జమీందారు చూచి నేర్చుకొనదగినంత తీర్చిదిద్దినట్లుండును. ఆ యింటి ఆడువారు, స్త్రీలు రంగమునెక్కుట అరుదైన ఆ కాలమునందే, పట్టపురాణులైరి. ముందు వరుసలో కుర్చీలు వేసికొని కూర్చున్న ఊరిపెద్దలు ఆ రాజును చూచి భయభక్తులతో తలలూపుదురు. మఱునాడు ఉదయము ఆ రాజే బియ్యము కొఱకు అదే పెద్దల వాకిట నిలువబడినచో 'ఏమిరా' అందురు. ఆ రాత్రికిని ఈ ఉదయమునకును నడుమ ఆ మనిషిలో మారినదేమి? మొగముమీది అర్దళము, నోటిలోని క్రియాపదము.

సురభివారి బిడ్డలు మాటలు వచ్చుటతోడనే రంగమెక్కుదురు. బాలకృష్ణుడు, లవకుశులు, ప్రహ్లాదుడు వారి అక్షరాభ్యాసము. పెద్దరికము పుట్టుకతో వచ్చునది కాదనియు, ఏడెనిమిదేండ్ల అభ్యాసముతో ఎవరికైనను పట్టుబడుననియు ఆ పిల్లలకు తెలిసినంతగా మఱియెవ్వరికిని తెలియదు. సంస్కృత నాటకకర్తలు రాజునకు సంస్కృతమును, స్త్రీలకును సేవకులకును ప్రాకృతమును ఇచ్చిరి. అది నాట్యశాస్త్రము విధించిన కట్టుబాటు. సేవకుని పాత్రధారి కూడ సంస్కృతము వచ్చినవాడే కదా! రానట్లు నటించుటయే వాని విద్య.

ఆంగ్లదేశమున బెర్నార్డు షా ఈ విషయమునే 'పిగ్మేలియన్' అను నాటకముగా మలచెను. 1913లో వియన్నాలోను, 1914లో లండనులోను అది ప్రదర్శితమైనది. వీధిలో పూలమ్ము పిల్లకు ధ్వనిశాస్త్రవేత్త యొకడు ఉచ్చారణ నేర్పి, ప్రభువుల విందులో గొప్పయింటి స్త్రీగా చెలామణి చేయించును. 1954లో అలన్ రాస్ అను ఆచార్యుడు ఉన్నతవర్గపు ఆంగ్లేయులు ఏ మాటలు వాడుదురో, ఉన్నతులు కాగోరువారు ఏ మాటలు వాడుదురో పట్టిక వేసెను. తమాషా యేమనగా, సుకుమారమైన క్రొత్తమాటలు వాడువారు నడిమితరగతివారు. నిజమైన ప్రభువులు మోటుమాటలే వాడుదురట. మన సీమలోను అంతే. తరతరాల ఆస్తిగలవాడు అరుగుమీద కూర్చుండి 'ఏమప్పా, యాడికి పోతాండావు' అని నిస్సంకోచముగ అనును. నిన్నమొన్న పట్టణమునకు పోయివచ్చినవాడు ఆ మాట అనుటకు సిగ్గుపడును.

చలనచిత్రముల ప్రస్తావన మొదట తెచ్చితిమి గనుక దానిని అంతటితో విడువరాదు. తెలుగు చలనచిత్రములకు మర్యాదను, సున్నితమును నేర్పిన సంస్థలేవి అని అడిగినచో పెద్దలందరును వాహినీ, విజయా అను పేర్లే చెప్పుదురు. వాహినీ బి. ఎన్. రెడ్డిగారు 1908లో పులివెందుల తాలూకా కొత్తపల్లెలో పుట్టినవారు. విజయాధిపతి బి. నాగిరెడ్డిగారు ఆయన తమ్ములే; కడప జిల్లా పొట్టిపాడు వారి జన్మస్థానము. 1951లో అన్నగారి 'మల్లీశ్వరి', తమ్ములవారి 'పాతాళభైరవి' రెండును వెలువడెను. 1947లో పిల్లలకై 'చందమామ'ను స్థాపించినదియు నాగిరెడ్డి, చక్రపాణిగారలే. మొరటని నవ్వబడు నేలనుండి పోయిన యిద్దరు సోదరులు తెలుగిండ్లకు నాగరకమైన వినోదమును ఇచ్చిరి. దేవులపల్లి కృష్ణశాస్త్రి, పింగళి నాగేంద్రరావు, డి. వి. నరసరాజు మున్నగు మాటల రచయితలు తీరాంధ్రులు. అందుచేత ఆ చిత్రముల భాషయు ఆ తీరముదే. తమ యింటి మాటను ఈ సోదరులు తమ చిత్రములలో నాయకునికి ఇచ్చియున్నచో నేడు లోకము ఏ యాసను చూచి నవ్వియుండునో!

అయినను వారి కథలను చూచినచో ఒక విషయము స్ఫురించును. 'పాతాళభైరవి'లో తోటమాలి కొడుకు రాజకుమారిని చేపట్టగోరును. 'మల్లీశ్వరి'లో చక్రవర్తి మారువేషమున సత్రములో నిలుచును. 1962 నాటి 'గుండమ్మకథ'లో సంపన్నుని కుమారుడు అంజి అను పేరుతో గుండమ్మ యింట పనివాడుగా చేరును. పంచె పైకి కట్టి, భాష మార్చి, చేతులు కట్టుకొని నిలువగానే గుండమ్మకు వాడు పనివాడే. ప్రేక్షకులు ఆ దృశ్యమును చూచి ఆరు దశాబ్దములకు పైగా నవ్వుచునే యున్నారు. వారిలో పనివారిని పెట్టుకొన్నవారును, పనికి పోవువారును కలరు. ఇరువురికిని నవ్వు వచ్చునది ఒకే చోట.

నవ్వుతో పోని సంగతులు కూడ ఉన్నవి. తేనీటి అంగడిలో కొందరికి వేఱు గ్లాసు పెట్టుటను 1955 నాటి చట్టము నేరముగా ప్రకటించెను. గ్లాసు కలిసిన చోటులలో సైతము పిలుపు కలియుటకు ఆలస్యమైనది. చట్టము గ్లాసును చూడగలదు, 'ఒరే' అను మాటను పట్టుకొనుట దానికి కష్టము. భోజనము సంగతి వేఱు. మా చిన్ననాటి పెద్దలు వరిబువ్వ తినువాడు కలవాడనియు, సంగటి తినువాడు లేనివాడనియు లెక్క కట్టిరి. చుట్టము వచ్చినచో సంగటి కుండను చాటున దాచిన యిల్లాండ్రు ఎందరో! నేడు పెద్ద హోటళ్ళలో రాగిసంగటి, నాటుకోడి పులుసు విశేష వంటకము. దానికి వరియన్నము కన్న వెల యెక్కువ. సంగటిలో మార్పేమియు లేదు, అదే రాగిపిండి, అదే నూకల గంజి. దానిని తినువారు మారిరి. మాటకు ఆ యదృష్టము ఇంకను సంపూర్ణముగా పట్టలేదు. పట్టణములోని బడిలో చేరిన పల్లెపిల్లవాడు మొదటి మాసమంతయు మౌనముగా నుండుట ఉపాధ్యాయులెల్లరు ఎఱిగిన విషయము. వానికి సమాధానములు తెలియకపోవుట చేత కాదు. నోరు తెరచినచో 'ఉండాది' అని వచ్చునేమో యని.

ఈ సీమ కథకులు ఆ మౌనమును కొంత విడిపించిరి. 1939లో కమలాపురము తాలూకా రంగశాయిపురములో జన్మించి 2023లో గతించిన కేతు విశ్వనాథరెడ్డిగారి కథలకు 1996లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించెను. అందు రైతులును, కూలీలును తమ మాటలో తామే పలుకుదురు. ఆయన పరిశోధనము కడప ఊర్ల పేర్లను గూర్చినది. ఊర్ల పేర్లకు సైతము పెద్దరికపు వస్త్రములు తొడుగుదురని ఈ సీమవారికి తెలియనిది కాదు. పండితులు సూర్యవాచకమైన 'బ్రధ్న' శబ్దమును తెచ్చి ప్రొద్దుటూరును బ్రధ్నపురి చేసిరి. కచేరీ కాగితములలోను, బస్సు నుదుటను ప్రొద్దుటూరు అని వట్రసుడులేని రకారముతో, నిండుగా వ్రాసియుండును. జమ్మలమడుగు బస్సు నిలయములో కండక్టరు మాత్రము ఒక కాలు మెట్టుమీద నుంచి 'పొద్దుటూరు, పొద్దుటూరు, ఎక్కండప్పా' అని కేకవేయును. పట్టుపంచె కట్టినవాడును, తలగుడ్డ చుట్టినవాడును ఆ కేకకే లేచి వచ్చి బస్సెక్కుదురు.